జార్జ్ బెవర్లీ షే: నూట నాలుగేళ్లు బతికిన సువార్త గాయకుడి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా క్రైస్తవ సంఘంలో శనివారం సాయంత్రాలు క్వయర్ (బృందగాన) సాధన ముగిశాక పాత పాటల ముచ్చట్లు మొదలవుతాయి. ఆ ముచ్చట్లలో జార్జ్ బెవర్లీ షే పేరు వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు, అవే పొరపాట్లు తిరిగి తిరిగి వినిపిస్తుండడంతో, ఒకసారి రాసి పెడితే పదిమందికీ పనికివస్తుందని ఈ ప్రశ్నోత్తరాలను కూర్చాను. ఎవరికి ఏ ప్రశ్న కావాలో దానిని మాత్రమే చదువుకున్నా సరిపోయేలా ప్రతి జవాబును విడిగా రాశాను.

## బాల్యం, యౌవనం

అసలు ఈ జార్జ్ బెవర్లీ షే ఎవరు? బిల్లీ గ్రాహమ్ సభల్లో పాడిన ఆయనేనా?

ఆయనే. 1909 ఫిబ్రవరి 1న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, విన్‌చెస్టర్ అనే చిన్న ఊళ్లో పుట్టి, 2013 ఏప్రిల్ 16న అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో నూట నాలుగేళ్ల వయసులో కన్నుమూశారు. తండ్రి వెస్లియన్ మెథడిస్టు సంఘ కాపరి. ఎనిమిదిమంది సంతానంలో షే ఒకరు. 1947 నుండి 2005 వరకు, అంటే దాదాపు అరవై ఏళ్లపాటు, అమెరికా ప్రసంగికుడు బిల్లీ గ్రాహమ్ సువార్త సభల్లో ప్రసంగానికి ముందు ఏకగానం పాడినది ఆయనే. ప్రసంగికుడి పేరు తెలిసినంతగా గాయకుడి పేరు మనవాళ్లకు తెలియకపోవడంలో వింత లేదు, ఎందుకంటే ఆ కూటములలో తన స్థానం అదేనని ఆయనే అనుకున్నారు.

బెవర్లీ అంటే ఆడవాళ్ల పేరు కదా?

ఈ ప్రశ్న అడగని క్వయర్ బ్యాచ్ ఇంతవరకు నాకు తగలలేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లో ఇంగ్లీషు మాట్లాడే దేశాలలో ఆ పేరును మగపిల్లలకు కూడా పెట్టేవారు; అది ఆడపిల్లల పేరుగా స్థిరపడినది తరువాతి కాలంలోనే. మన దగ్గర జ్యోతి, కిరణ్ వంటి పేర్లు ఇద్దరికీ చెల్లినట్లే అనుకోవచ్చు. దగ్గరివాళ్లు ఆయనను బెవ్ అని పిలిచేవారు.

చిన్నప్పుడు సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

మొదటి పాఠశాల ఇల్లే. తెల్లవారగానే తల్లి పియానో మీద ఒక స్వరసంపుటి గట్టిగా మోగించి, జీవితపు దారిలో పాడుతూ సాగిపోతాననే భావమున్న ఒక కీర్తన అందుకుంటే, ఆ పాటే పిల్లలందరికీ మేలుకొలుపు అయ్యేది. తరువాత కొంతకాలం ఆటవాలోని ఆన్నెస్లీ కళాశాలలోను, న్యూయార్క్ రాష్ట్రంలోని హౌటన్ కళాశాలలోను చదివారు గాని, ఆర్థిక మాంద్యపు రోజుల్లో ఇంటి పరిస్థితి అనుకూలించక చదువు మధ్యలోనే ఆగింది. అదే హౌటన్ కళాశాల 1956లో ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

మొదటి నుండి పాటే వృత్తిగా ఉండేదా?

లేదు. చదువు ఆగిన తరువాత దాదాపు పదేళ్లు ఆయన న్యూయార్క్ నగరంలో ఒక జీవిత బీమా సంస్థ కార్యాలయంలో గుమస్తాగా పనిచేశారు. పగలు బీమా దరఖాస్తుల కాగితాలు, ఖాళీ వేళల్లో గానశిక్షణ, ఆదివారాలు సంఘంలో పాట, వీలైనప్పుడు రేడియోలో భక్తి కార్యక్రమాలు: ఇదీ ఆయన ఇరవైల నాటి జీవితం. ఆ రోజుల్లోనే ఫ్రెడ్ అలెన్ అనే హాస్యనటుడి రేడియో కార్యక్రమంలో ఔత్సాహిక గాయకుల పోటీకి వెళ్లి, మోషేను గురించిన నీగ్రో ఆధ్యాత్మిక గీతం ఒకటి పాడి రెండో బహుమతి తెచ్చుకున్నారు. మొదటి బహుమతి యోడలింగ్ చేసిన గాయకుడికి వెళ్లింది. గొంతును కింది స్వరం నుండి పై స్వరానికి ఒక్కసారిగా విరుస్తూ పాడే ఆ కొండప్రాంతపు పద్ధతి ముందు గంభీరమైన బాస్ (మంద్రస్థాయి) గొంతు ఆ రోజుకు ఓడిపోయింది. ఈ ఓటమిని ఆయన జీవితాంతం నవ్వుతూ చెప్పుకున్నారు.

## నిర్ణయపు రోజులు

"ఐడ్ రాదర్ హేవ్ జీసస్" పాట రాసింది షేనేనా?

సాహిత్యం ఆయనది కాదు, బాణీ మాత్రమే ఆయనది. పాట మాటలను రియా మిల్లర్ అనే స్త్రీ 1922లో రాశారు. వెండి బంగారాల కంటె, లోకపు మెప్పు కంటె నాకు యేసే మేలు అనే భావం ఆ పాటకు ప్రాణం.

బాణీ పుట్టిన తీరు మాత్రం తెలుసుకోదగినది. కొడుకు చూస్తాడని తెలిసి, తల్లి ఆ పద్యమున్న కాగితాన్ని ఇంట్లో పియానో మీద పెట్టి ఉంచింది. చదువుకోమని గాని, పాడమని గాని ఆమె చెప్పలేదు. ఒక ఆదివారం ఉదయం ఆయన ఆరాధనలో పాడవలసిన పాటను సాధన చేసుకుందామని పియానో ముందు కూర్చుని, ఆ కాగితం మీది మాటలు చదువుతూ చదువుతూనే వేళ్లతో ఒక రాగం వెతుక్కున్నారు. వంటింట్లో నుండి విన్న తల్లి వచ్చి, ఆయనను దగ్గరకు తీసుకుని, ఈ రోజు సంఘంలో ఈ పాటే పాడమని అడిగింది. ఆయన అలాగే పాడారు. సలహా ఇవ్వకుండా సలహా ఇవ్వడం ఎలాగో ఆ తల్లికి తెలిసినంతగా మనలో చాలామందికి తెలియదని నాకు అనిపిస్తుంది.

పెద్ద పెద్ద సినిమా అవకాశాలు, లక్షల డాలర్లు వదులుకున్నారని అంటారు. నిజమా?

సంఘాలలో చెప్పే సాక్ష్యాలలో ఈ కథ చెప్పినకొద్దీ పెరిగిపోయింది. ఆయనకు ఎదురైన అవకాశం సినిమాది కాదు. న్యూయార్క్‌లో ఉండగా, నెట్‌వర్క్ రేడియోలో లౌకిక గీతాలు పాడే ఒక గాయక బృందంలో చోటు దొరికింది. మాంద్యపు కాలంలో, బీమా కార్యాలయపు జీతంతో నెట్టుకువస్తున్న యువకుడికి అది చిన్న మాట కాదు. ఆ పాటలలోని మాటలను నోట పలకడానికి మనసు ఒప్పక ఆయన వద్దన్నారు.

నా దృష్టిలో లక్షల డాలర్ల కథ కంటె ఈ అసలు సంగతే బరువైనది. పెద్ద ఐశ్వర్యాన్ని తిరస్కరించడం వేదిక మీద చెప్పుకోవడానికి బాగుంటుంది; నెల నెలా అవసరమయ్యే కొంత డబ్బును ఎవరూ చూడని చోట తిరస్కరించి, మర్నాడు మళ్లీ గుమస్తా బల్ల దగ్గర కూర్చోవడమే కష్టం.

షికాగోకు ఎందుకు వెళ్లారు?

1938లో మూడీ బైబిల్ ఇన్‌స్టిట్యూట్ వారి రేడియో కేంద్రం డబ్ల్యూఎంబీఐలో పనికి పిలుపు రావడంతో బీమా ఉద్యోగాన్ని వదిలి షికాగో చేరారు. అక్కడ ఆయన పాడడమే కాక, ప్రకటనలు చదివారు, కార్యక్రమాలు నడిపారు. 1944లో "క్లబ్ టైమ్" అనే కీర్తనల కార్యక్రమం మొదలై, తరువాత దేశవ్యాప్త నెట్‌వర్కుకు చేరి ఆయన గొంతును ఇంటింటికీ పరిచయం చేసింది. దానిని పోషించినది క్లబ్ అల్యూమినియం అనే వంటపాత్రల కంపెనీ అధిపతి హెర్బర్ట్ టేలర్. ఈ పేరు మనకు కొత్త అనిపించవచ్చు గాని, మన పట్టణాలలో రోటరీ క్లబ్బు వారు గోడల మీద, కూడళ్లలో పెట్టే "ఇది సత్యమేనా, అందరికీ న్యాయమేనా" అనే బోర్డులోని నాలుగు ప్రశ్నలను కూర్చినది ఈయనే.

## గ్రాహమ్‌తో ప్రయాణం

బిల్లీ గ్రాహమ్‌కు షే దొరికారా, షేకు గ్రాహమ్ దొరికారా?

వెతుక్కుంటూ వెళ్లినది గ్రాహమ్. 1943 చివరలో గ్రాహమ్ షికాగో శివారులోని వెస్టర్న్ స్ప్రింగ్స్ అనే ఊరిలో ఒక చిన్న సంఘానికి కాపరిగా ఉంటూ, "సాంగ్స్ ఇన్ ద నైట్" అనే రేడియో కార్యక్రమాన్ని చేపట్టబోతున్నారు. అప్పటికి ఆయనకు ఇరవై ఐదేళ్లు, పెద్దగా ఎవరికీ తెలియదు. షే రేడియోలో పేరు పొందిన గాయకుడు, వయసులో తొమ్మిదేళ్లకు పైగా పెద్ద. గ్రాహమ్ నేరుగా రేడియో కార్యాలయానికి వెళితే, ఆయన పనిలో ఉన్నారు, కలవడం కుదరదని కార్యదర్శి చెప్పింది. లోపలి తలుపు తెరుచుకున్న క్షణం చూసి, గ్రాహమ్ ఆమెను దాటుకుని గదిలోకి నడిచిపోయి విషయం చెప్పారు. ఆ చొరవకు నవ్వుకుని షే ఒప్పుకున్నారు. 1947లో గ్రాహమ్ తన సొంత ఊరైన షార్లెట్‌లో నగర సువార్త సభలు పెట్టినప్పుడు షేను గాయకుడిగా పిలిచారు. గాన నాయకుడు క్లిఫ్ బారోస్ కూడా ఆ సభల్లో ఉన్నారు. ఆ ముగ్గురి జట్టు చివరి వరకు విడిపోలేదు.

ఆయన ఎప్పుడూ ప్రసంగానికి ముందే ఎందుకు పాడేవారు?

ఆ సభల క్రమం అలా కట్టబడింది. ముందు వేలమంది క్వయర్ పాటలు, జనమంతా కలిసి పాడే కీర్తనలు బారోస్ నడిపించేవారు. ఆ హోరు తగ్గి, జనం కుర్చీలలో సర్దుకున్నాక షే ఒక్కరు మైకు ముందు నిలబడి నెమ్మదైన పాట ఒకటి పాడేవారు. ఆ పాట ముగిసేసరికి మైదానం నిశ్శబ్దమయ్యేది, గ్రాహమ్ లేచి బైబిలు వాక్యం తెరిచేవారు. పాట తరువాత చప్పట్ల కోసం ఆగే సందు అక్కడ ఉండేది కాదు.

మన కన్వెన్షన్ సభలకు వెళ్లినవారికి ఇక్కడి తేడా వెంటనే పట్టుబడుతుంది. మన దగ్గర స్పెషల్ సాంగ్ అనగానే ట్రాక్ మోగుతుంది, ఎకో పూర్తిగా తిప్పుతారు, పాడినవారు దిగేలోపు వ్యాఖ్యాత ఇంకొకసారి చప్పట్లు అడుగుతారు. వాక్యానికి నిలబడిన పాస్టరు గారు మళ్లీ ఆ జనాన్ని నెమ్మదింపజేయడానికి పది నిమిషాలు పడుతుంది. షే ఆ పది నిమిషాల పనిని తానే చేసి పెట్టేవారు.

"హౌ గ్రేట్ దౌ ఆర్ట్" పాట ఆయన రాసిందేనా?

కాదు, ఆ పాటను ప్రపంచానికి వినిపించినవారిలో ముఖ్యుడు మాత్రం ఆయనే. మూలం 1885లో స్వీడన్ దేశస్థుడు కార్ల్ బోబెర్గ్ రాసిన కవిత. అది స్వీడన్ జానపద బాణీలో పాటగా మారి, జర్మన్‌లోకి, అక్కడి నుండి రష్యన్‌లోకి వెళ్లింది. ఉక్రెయిన్ ప్రాంతంలో సేవ చేస్తున్న స్టువర్ట్ హైన్ అనే ఇంగ్లీషు మిషనరీ రష్యన్ పాట విని, ఇంగ్లీషులో తన సొంత చరణాలతో దానిని తిరిగి కట్టారు.

1954లో లండన్‌లోని హారింగే సభల కాలంలో, ఆక్స్‌ఫర్డ్ వీధిలో ఒక పుస్తక ప్రచురణ సంస్థ ఉద్యోగి ఈ పాట అచ్చువేసిన చిన్న కరపత్రాన్ని షే చేతిలో పెట్టారు. మరుసటి సంవత్సరం టొరంటో సభల్లో ఆయన దానిని పాడారు. 1957లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మే 15 నుండి పదహారు వారాలు సాగిన సభల్లో ఈ ఒక్క పాటనే క్వయర్‌తో కలిసి 99 సార్లు పాడారు. ఆ సభలు టెలివిజన్‌లో కూడా ప్రసారం కావడంతో పాట అమెరికా అంతటికీ పాకింది.

పాడేటప్పుడు ఆయన రెండు మాటలు మార్చుకున్నారు. దేవుని చేతి పనులు అన్నచోట దేవుడు చేసిన లోకాలు అని, బలమైన ఉరుము అన్నచోట దొర్లే ఉరుము అని పాడారు. ఉరుము ఆకాశంలో ఒక మూల నుండి ఇంకొక మూలకు దొర్లిపోతున్నట్లు చెవికి తోపించే మార్పు అది. ఆయన బాస్ గొంతులో వింటే ఎందుకు మార్చారో అర్థమవుతుంది.

ఆయన సొంతంగా మాటలు కూడా రాసిన పాట ఏదైనా ఉందా?

ఉంది. "ద వండర్ ఆఫ్ ఇట్ ఆల్" పాటకు మాటలు, బాణీ రెండూ ఆయనవే. 1955లో స్కాట్లండ్ సభలకు ఓడలో వెళుతుండగా, మీ సభల్లో ఏం జరుగుతుందని ఒక తోటి ప్రయాణికుడు అడిగాడు. షే సభాక్రమమంతా వివరించారు గాని, జనం ముందుకు నడిచివచ్చే దృశ్యాన్ని చెప్పబోయేసరికి మాటలు చాలక, ఆ ఆశ్చర్యాన్ని మీరే చూస్తే బాగుండునన్నారు. ఆ మాటే పల్లవి అయి కూర్చుంది.

మన దేశంతో, తెలుగువారితో ఏమైనా సంబంధం ఉందా?

పాట ద్వారా ఒకటి, గ్రాహమ్ ద్వారా ఒకటి ఉన్నాయి. "హౌ గ్రేట్ దౌ ఆర్ట్" అమెరికా చేరిన దారులలో ఒకటి మన దేశం మీదుగానే వెళ్లింది: 1954లో ఎడ్విన్ ఓర్ అనే బోధకుడు మహారాష్ట్రలోని దేవళాలీలో నాగా గాయకుల నోట ఈ పాట విని, కాలిఫోర్నియాకు తీసుకువెళ్లారు. షే లండన్‌లో కరపత్రం అందుకున్నదీ ఆ సంవత్సరమే. ఈ రోజు మన సంఘాలలో ఆ బాణీకి తెలుగు మాటలు కట్టి పాడుకుంటున్నాము. ఇక గ్రాహమ్ 1977లో హైదరాబాద్‌తో సహా పలు నగరాలలో సభలు జరిపారు. దివిసీమను ఊడ్చేసిన నవంబరు ఉప్పెన ఆ పర్యటన రోజుల్లోనే వచ్చింది. ఆయన బాధిత ప్రాంతాన్ని చూసి వెళ్లాక, ఆయన సంస్థ అక్కడ ఇళ్లు కట్టడానికి సాయం చేసింది.

## గొంతు, పేరు, డబ్బు

ఆయన పాడింది నిజంగా గాస్పెల్ సంగీతమేనా? గాస్పెల్ అంటే మహాలియా జాక్సన్ లాగా కదా?

రెండూ గాస్పెలే, వేర్లు వేరు. నల్లజాతివారి సంఘాలలో పుట్టిన గాస్పెల్‌కు పెద్దదిక్కు థామస్ డార్సీ. ఒకప్పుడు బ్లూస్ పియానో వాయించిన ఆయన, 1932లో కాన్పులో భార్య చనిపోయిన దుఃఖంలో తన ప్రసిద్ధ కీర్తన కట్టారు. మహాలియా జాక్సన్ ఆ సంప్రదాయానికి మహాగాయని. అందులో లయ, కేక, సంఘం ఇచ్చే మారుపలుకు ముఖ్యం. షేది పందొమ్మిదో శతాబ్దంలో మూడీ అనే ప్రసంగికుడి సభల్లో పాడిన ఐరా శాంకీ నుండి వచ్చిన శ్వేతజాతి కీర్తన సంప్రదాయం. అక్కడ ప్రతి మాటా స్పష్టంగా వినబడడమే ప్రధానం. చిత్రమేమంటే, 1938 తరువాత డార్సీ, జాక్సన్, షే ముగ్గురూ ఒకే షికాగోలో ఉన్నారు. ఒకే నగరం, ఒకే సువార్త, రెండు వీధుల్లో రెండు రకాల పాట. ఆ దూరానికి కారణం సంగీతం మాత్రమే కాదని, వర్ణవివక్ష కూడా కారణమని చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్లవుతుంది.

తొంభై దాటినా గొంతు ఎలా నిలిచింది? ఏదైనా రహస్యం ఉందా?

పిల్లలు మిరియాల కషాయం వంటి జవాబు ఆశిస్తారు గాని, నాకు కనబడే కారణాలు సాదాసీదావి. ఆయనది బాస్-బారిటోన్, అంటే మంద్ర, మధ్య స్థాయిల గొంతు. వయసుతో ముందుగా జారిపోయే పై స్వరాల మీద ఆయన పాటలు ఎన్నడూ ఆధారపడలేదు. పాటల నడక నెమ్మది, వాక్యాలు పొట్టివి, ఊపిరి తీసుకునే చోటు మాట అర్థం తెగని దగ్గరే. సాధారణంగా సభకు ఒక ఏకగానం, అంతే. అన్నిటికంటె ముఖ్యం, ఆయన రేడియోలో పెరిగిన గాయకుడు: మైకు ఒక మనిషి చెవి అనుకుని పాడడం అక్కడ అబ్బింది. లక్షమంది ఉన్న మైదానంలో కూడా ఆయన అరవలేదు.

22 కోట్ల మందికి పాడారన్న గిన్నిస్ రికార్డు నిజమేనా?

ప్రత్యక్షంగా అత్యధిక జనానికి పాడిన గాయకుడిగా ఆయన పేరు గిన్నిస్‌లో ఉన్నది నిజమే, 22 కోట్ల సంఖ్య అక్కడిదే. అయితే అది అరవై ఏళ్ల సభల హాజరు మొత్తం కలిపిన లెక్క. ఒకే మనిషి పది రాత్రులు వస్తే పదిసార్లు లెక్కకు వస్తాడు. 22 కోట్ల వేర్వేరు మనుషులు అని ప్రసంగాలలో చెప్పవద్దని మనవి.

అవార్డులు ఏమేమి వచ్చాయి?

1951 నుండి ఆర్‌సీఏ విక్టర్ అనే రికార్డుల సంస్థకు పాడారు. మొత్తం 70కి పైగా ఆల్బములు వచ్చాయి. అనీటా కెర్ బృందంతో చేసిన "సౌత్‌లాండ్ ఫేవరెట్స్" 1965 సంవత్సరానికి గ్రామీ గెలుచుకుంది. 2011లో, 102 ఏళ్ల వయసులో, గ్రామీ జీవిత సాఫల్య పురస్కారాన్ని స్వయంగా వెళ్లి అందుకున్నారు.

గ్రాహమ్ జట్టువారు సభల కానుకలలో వాటా తీసుకునేవారా?

1950 చివరలో అట్లాంటా పత్రిక ఒకటి, చేతులూపుతూ సెలవు తీసుకుంటున్న గ్రాహమ్ ఫొటో పక్కనే కానుకల డబ్బు సంచులు మోస్తున్న సేవకుల ఫొటో వేసింది. ఆ అవమానం గ్రాహమ్‌ను బాగా తాకింది. అంతకు ముందు ఊరూరా వాడుకలో ఉన్న, జనం ప్రసంగికుడికి ఇచ్చే ప్రేమకానుకల పద్ధతిని మాని, సంస్థ నుండి నిర్ణీత జీతం తీసుకునే ఏర్పాటుకు ఆయన మారారు. గానం ఎంత బాగున్నా, వాక్యం ఎంత బలంగా ఉన్నా, కానుకల ఎన్వలప్ దగ్గర తప్పితే మొత్తం తప్పుతుందని ఆ జట్టు తొలి రోజుల్లోనే నేర్చుకుంది.

## చివరి సంవత్సరాలు

కుటుంబం సంగతి ఏమిటి?

1934లో ఎర్మాను వివాహమాడారు; ఇద్దరు పిల్లలు. ఆమె 1976లో మరణించారు. 1985లో కార్లీన్‌ను వివాహం చేసుకున్నారు; ఆ వేడుక గ్రాహమ్ ఇంట్లోనే జరిగింది. నార్త్ కరొలైనాలోని మాంట్రీట్ అనే కొండ ఊరిలో రెండు కుటుంబాలు ఇరుగుపొరుగుగా ఉండేవి.

చివరిసారి ఎప్పుడు పాడారు? ఆయన సమాధి ఎక్కడ ఉంది?

గ్రాహమ్ చివరి సువార్త సభలు 2005 జూన్‌లో న్యూయార్క్‌లోని ఫ్లషింగ్ మెడోస్‌లో జరిగినప్పుడు, 96 ఏళ్ల షే అక్కడ పాడారు. ఆ తరువాత కూడా చిన్న కూటములలో పాడుతూనే ఉన్నారు. 2013 ఏప్రిల్‌లో పక్షవాతం వచ్చి ఆష్‌విల్‌లో కన్నుమూశారు. షార్లెట్‌లోని బిల్లీ గ్రాహమ్ లైబ్రరీ ఆవరణలో ఆయనను పాతిపెట్టారు. ఐదేళ్ల తరువాత, 2018లో, గ్రాహమ్ కూడా ఆ ఆవరణకే చేరారు.

ఆయన పాటలు కొత్తగా వినేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?

1957 న్యూయార్క్ సభల్లోని "హౌ గ్రేట్ దౌ ఆర్ట్"ను ముందు వినండి, కానీ మొదటిసారి ఆయన గొంతును వదిలేసి వెనుక క్వయర్ ఎప్పుడు లేస్తుందో గమనించండి. రెండోసారి చరణాల చివర ఆయన మాటను ఎంత తొందరగా వదిలేస్తారో చూడండి. సాగదీయగల ఊపిరి ఉండి కూడా సాగదీయరు. తరువాత తొంభై ఏళ్లు దాటాక పాడిన "ఐడ్ రాదర్ హేవ్ జీసస్" వినండి. స్వరం వణుకుతుంది, కొన్నిచోట్ల పాట మాటలో కలిసిపోతుంది. మా క్వయర్‌లో బాస్ పాడే కుర్రవాడు ఒకడు అది విని, సార్, ఈయన పాడడం మానేసి చెబుతున్నాడు కదా అన్నాడు. అవును, అక్కడ ఆయన చెబుతూనే ఉన్నారు, పియానో మాత్రం పాడుతోంది.